చాటెడు తవుడు

పర్వతాలును వాళ్ల అవ్వ అమ్మేసినప్పుడు అతనికి ఇంకా మెడ నిలవలేదు. ధర చాటెడు తవుడు. బేరం జరిగింది మిర్యాలగూడలో, బియ్యం మిల్లు వెనక, ఊకదిబ్బ వాడలో. ఈ సంగతి అతను చెప్పని మనిషి సూర్యాపేటలో లేడు. నమ్మిన మనిషీ లేడు.

నమ్మకపోవడంలో జనం తప్పు లేదు. పర్వతాలు నోట్లోంచి వచ్చే మాటల్లో సగం గాలి, సగం గారడీ. మార్కెట్ యార్డులో హమాలీగా ఉన్న రోజుల్లో, కొత్తగా వచ్చిన గుమాస్తాకు "సారూ, మీ టేబుల్ కింద పాము గుడ్లు పెట్టింది, మేం చెయ్యి పెట్టం" అని చెప్పి, పాపం ఆ పిల్లాడిచేత ఆ వారమంతా కాళ్లు కుర్చీ మీద ముడుచుకుని లెక్కలు రాయించాడు. కూతురి పెళ్లిలో వియ్యంకుడి చెప్పులు ఐసుగడ్డల డబ్బాలో దాచి, ఆయన చల్లటి చెప్పుల్లో కాళ్లు పెట్టి ఎగిరిన ఎగురుడును ఇప్పటికీ చేసి చూపిస్తాడు. డెబ్బై దాటినా బుద్ధి మారలేదు. అలాంటి మనిషి "నన్ను తవుడుకు అమ్మిండ్రు" అంటే ఎవరు నమ్ముతారు?

మనవరాలు అశ్విని అసలే నమ్మదు. డిగ్రీ చదువుతోంది. తాత ఆ కథ మొదలుపెట్టగానే ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఇంకోటి చెప్పు తాతా" అంటుంది.

ఒకనాడు పొద్దున చాయ్ తాగుతుండగా కోదాడ నుంచి ఫోన్ వచ్చింది.

"మామా, నేను సునీల్‌ను."

"ఏ సునీల్? పెండ్లాం కొడితే రోడ్డెక్కిన సునీలా?"

"మామా, జర ఇను. అమ్మమ్మకు బాగలేదు. ఎవల్నీ గుర్తు పడ్తలేదు. నిన్న నన్ను జూసి, కరెంటు బిల్లు రేపు కడ్త, ఇయ్యాల పో నాయినా అన్నది."

పర్వతాలు నవ్వబోయి ఆగాడు. సునీల్ అమ్మమ్మ అంటే గౌరీబాయి. చాటెడు తవుడు ఇచ్చి పర్వతాలును కొన్న మనిషి.

"అన్నం తింటున్నదా?"

"ముట్టుడు లేదు. పొద్దుందాక ఒక్కటే మాట. తవుడు, తవుడు. దర్వాజ దిక్కు జూసుడు, తవుడు అనుడు. మా ఇంటామె సంతోషి ఏమో బర్రెల దాణా ముచ్చట అనుకున్నది. నాకు రాత్రి యాదికొచ్చింది. మామా, అది నీ పేరే గదా?"

పర్వతాలు చాయ్ గ్లాసు కింద పెట్టి, "వస్తున్న. ఇప్పుడే వస్తున్న అని చెప్పు" అన్నాడు.

అది అతని పేరే. ఆధార్ కార్డులో పర్వతాలు. యార్డులో పర్వతాలన్న. చనిపోయిన భార్య ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. తవుడు అని పిలిచేది ఊకదిబ్బ వాడ ఒక్కటే. వాడ పోయింది. పిలిచే నోళ్లు ఒక్కటొక్కటే మూతపడ్డాయి. అవ్వ, అంటే కన్నతల్లి ఆండాలు, పోయింది. గౌరీబాయి మొగుడు మంగ్త్యా పోయాడు. గౌరీబాయి కూతురు సరోజ, అతని కంటే ముందు పుట్టి, అతన్ని చంకనేసుకుని తిప్పిన సరోజ, కరోనా వచ్చిన ఏడాది పోయింది. ఇక ఈ భూమ్మీద అతన్ని "తవుడూ" అని పిలవగలిగిన నోరు ఒక్కటే మిగిలింది. ఆ నోరు పిలుస్తోందట.

"బిడ్డా, మా యాడి నన్ను అడుగుతున్నదంటనే!" అని కూతురు అరుణకు చెప్పాడు, వంటింటి గడప మీద నిలబడి. యాడి అంటే లంబాడి మాటలో అమ్మ. ఆండాలును అవ్వ అనేవాడు, గౌరీబాయిని యాడీ అనేవాడు. రెండిళ్ల పిల్లవాడికి రెండు భాషల్లో ఇద్దరు తల్లులు.

"పో నాయినా, పోయి సూసిరా. ఆడికి పోయి నీ యేశాలెయ్యకు. ముసలామె పానం బాగలేదట" అంది అరుణ.

అశ్విని మాత్రం తల ఎత్తింది. "తాతా, ఆమె నిన్ను తవుడూ అని పిలుస్తుంటే వీడియో తీసి పంపు. గప్పుడు నమ్ముత."

"నమ్మితే ఏమిస్తవ్?"

"ఇన్నేండ్లు అబద్ధాలోడు అన్నందుకు సారీ చెప్త."

"నీ సారీ నాకెందుకే, గుడాలు ఉడకబెట్టు చాలు."

నిజంగా నమ్మాలి ఆ పిల్ల. పైకి నవ్వుతున్నా అతనికి అదొక్కటే పట్టుకుంది. తాను చెప్పిన అన్ని అబద్ధాల మధ్య ఈ ఒక్క నిజం ఊకలో పడ్డ వడ్ల గింజలాగా కనబడకుండా పోతోంది.

బస్టాండుకు పోయే దారిలో దాణా షాపు దగ్గర ఆగాడు. షాపులో ఉన్నది కుర్రవాడు.

"తవుడు కావాలె బిడ్డా. చాటెడు."

"చాటెడేంది తాతా, బస్తా తీస్కపో. ఎన్ని బర్రెలున్నయ్?"

"బర్రెలు లెవ్వు. మా అమ్మకు."

"మీ అమ్మ తవుడు తింటదా?"

"తినదు. నన్ను కొన్నది."

కుర్రవాడు ఎదురుగా ఉన్న మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూసి, మాట పెంచడం దండగ అనుకుని, గోనె విప్పాడు. పర్వతాలు గుప్పెడు తీసి వాసన చూశాడు. "ఇది నూనె తీసిన తవుడు గదరా. నన్ను కొన్నప్పుడు నూనె ఉండె. అసలుది ఇయ్యి."

పక్క వీధిలో మేదరి అతని దగ్గర వెదురు చాట కొన్నాడు. తవుడు ప్లాస్టిక్ సంచిలో, చాట చంకలో. అతని బుర్రలో అప్పటికే ఒక వేషం తయారైంది. అది అర్థం కావాలంటే ఊకదిబ్బ సంగతి చెప్పాలి.

అప్పటికి మిర్యాలగూడలో ఇప్పుడున్నన్ని మిల్లులు లేవు. ఉన్నవాటిలో ఒకదాని వెనక ఊకను గుట్టగా పోసేవాళ్లు. ఆ గుట్టకు ఆనుకుని తాటికమ్మల గుడిసెలు. అదే వాడ. గాలి ఇటు తిరిగితే అన్నంలో ఊక, కంట్లో ఊక, చంటిపిల్లల ముక్కుల్లో ఊక. మిల్లు కూత వేస్తే లేవడం, కూత వేస్తే పోవడం, కూత వేస్తేనే ఇంటికి రావడం. మగవాళ్లు బస్తాలు మోసేవాళ్లు. ఆడవాళ్లు ఉడికిన వడ్లను కల్లం మీద పరిచి, మంటలాంటి ఆ గచ్చు మీద కాళ్లతో బారులు తీస్తూ తిరగేసేవాళ్లు. పొద్దుగూకి గేటు దగ్గరికి వస్తే కావలివాడు కొంగులు దులిపించేవాడు, గింజలు కట్టుకుపోతున్నారేమోనని. తవుడు గదిలో పని చేసినవాళ్లు బయటికి వస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. మొగుడెవరో పక్కింటాయన ఎవరో దగ్గరికొస్తే గానీ తెలిసేది కాదు. పిల్లలకు మాత్రం అదే రాజ్యం. బాయిలరు నుంచి కారే వేడినీళ్ల కాలువలో స్నానాలు, చలికాలం బూడిదకుప్ప మీద వెచ్చటి పడకలు. ఒకసారి పర్వతాలు అచ్చం మిల్లు కూత లాంటిదే నోటితో వేసి, మధ్యాహ్నం పూటే మనుషులందరినీ గేటు దగ్గరికి తోలాడు. మేనేజరు వెతికితే దొరకలేదు. ఊకగుట్టలో ముక్కు మాత్రం బయటపెట్టి దాక్కున్నాడు.

పిల్లలు ఆ వాడలో ఎంత తేలిగ్గా పుట్టేవాళ్లో అంత తేలిగ్గా పోయేవాళ్లు. కోరింత దగ్గు ఒకరిని, వాంతులు ఒకరిని. ఆండాలుకు పర్వతాలు కంటే ముందు పుట్టినవాళ్లు ఎవరూ నిలవలేదు. అందుకని వాడలో ఒక పద్ధతి ఉండేది. పిల్లలు నిలవని తల్లి, కొత్తగా పుట్టినవాడిని పిల్లలు నిలిచిన ఇంటికి అమ్మేయాలి. మిల్లు వాడ గదా, ధర తవుడు. గౌరీబాయి, మంగ్త్యా ఇద్దరూ తండా నుంచి పనికి వచ్చినవాళ్లు. వాళ్ల సరోజ బొద్దుగా, గుండులా ఉండేది. గౌరీబాయి చాటెడు తవుడు తెచ్చి ఆండాలు గడప ముందు కుమ్మరించింది. ఆండాలు పిల్లాడిని ఆమె ఒళ్లో పెట్టింది. అంతే, అయిపోయింది. చావు వచ్చి ఆండాలు కొడుకేడి అని అడిగితే, ఆండాలుకు కొడుకే లేడు. లంబాడోళ్ల పిల్లాడికి ఆమె పాలిస్తోంది, అంతే. చావునే బురిడీ కొట్టించి బతికినవాడు పర్వతాలు. ఇక మనుషులెంత?

ఆ అమ్మకాన్ని అతను చిన్నప్పటి నుంచీ తెగ వాడుకున్నాడు. అవ్వ చీపురు ఎత్తితే "యాడిని అడిగి కొట్టు! అమ్మిన సరుకు మీద చెయ్యేస్తవా?" అని అరిచేవాడు. యాడి తిడితే "నచ్చకుంటే వాపసియ్యి, నీ తవుడు నీకొస్తది" అనేవాడు. ఆడవాళ్లిద్దరూ నవ్వలేక చచ్చేవాళ్లు.

పద్ధతి ప్రకారం, అమ్మిన పిల్లాడిని పెళ్లికి ముందు మళ్లీ కొనుక్కోవాలి. అదే చాట, అదే కొలత. పర్వతాలు పెళ్లినాడు ఆండాలు చాటెడు తవుడు సిద్ధం చేసి పెడితే, పెళ్లికొడుకు పసుపు బట్టల్లోనే వెళ్లి, అడుగున అంతా ఊక నింపి పైన పలచగా తవుడు చల్లి వచ్చాడు. ఆండాలు కొంగు తల మీదుగా కప్పుకుని "గౌరీ, గిదో నీ తవుడు, నా కొడుకును నాకియ్యి" అని చాట ముందు పెట్టింది. గౌరీబాయి చెయ్యి లోపలికి పోనిచ్చింది. ఊక పైకి తేలింది. వాడంతా పగలబడి నవ్వింది. గౌరీబాయి కళ్లనీళ్లు తుడుచుకుంటూ "ఊకకు నేనియ్య! బేరం రద్దు! పోరడు నా పోరడే" అంది. ఆండాలు అదే చాటతో పెళ్లికొడుకును పందిరి చుట్టూ తరిమింది. అసలు తవుడు రేపిస్తా మాపిస్తా అనుకుంటూనే ఆండాలు కన్నుమూసింది. ఆ కొనుగోలు అట్లాగే ఉండిపోయింది. పర్వతాలు కూడా ఎన్నడూ తీర్చలేదు. తీరిస్తే యాడికి తన మీద హక్కు పోతుంది. ఎవరికో ఒకరికి సరుకై ఉండటం అతనికి ఇష్టం.

ఈ మధ్యే ఒక పెళ్లికి మిర్యాలగూడ పోతే, ఆ ఫంక్షన్ హాలు ఊకదిబ్బ మీదే కట్టారని గుర్తుపట్టాడు. చేయి కడుక్కునే చోట నిలబడి "ఇగో, గీడనే మా గుడిసె ఉండె" అని వడ్డించే పిల్లాడితో అన్నాడు. "ప్లేటు అందుల వెయ్యి తాతా" అన్నాడు ఆ పిల్లాడు.

కోదాడ బస్సు నిండా ఆడవాళ్లే ఉన్నారు. కండక్టరు కూడా ఆడపిల్లే. "తాతా, ఎక్కడికి?"

"నాకు టికెట్ ఎందుకమ్మా, నేను మా యాడి సరుకును. కోదాడలో దింపాలె. లగేజీ కొట్టు."

"సరుకు బాగ ముదిరింది తాతా, ఎవలు కొంటరు?" అని టికెట్ కొట్టింది ఆ పిల్ల. బస్సంతా నవ్వింది. పర్వతాలుకు అదే కావాలి. చివ్వెంల దాటి, మునగాల దాకా అదే ఊపు. చంకలో చాట చూసి అడిగిన ప్రతి ఒక్కరికీ కథ చెప్పాడు. "ఇప్పుడు పోయి మా అవ్వ లెక్క కొంగు కప్పుకుంట. గౌరీ, నా కొడుకును నాకియ్యి అంట. మా యాడి చెయ్యి పెట్టి చూస్తది. ఊక లేకుంటే పరేషానయితది. గప్పుడు చూడాలె ఆమె నవ్వు." పక్కనున్న ముసలామె "బాగుంది అన్నా" అంది. అతను చెప్పినదాంట్లో సగం ఆమెకు వినిపించలేదు.

బస్టాండులో సునీల్ ఆటోతో ఎదురుచూస్తున్నాడు. చాట చూసి అతని ముఖం అదోలా అయింది. "మామా, గిప్పుడు ఆటలెందుకు?"

"నువ్వూకో. మందు తెచ్చిన."

ఇల్లు రెండు గదుల కిరాయి పోర్షన్. సునీల్ భార్య సంతోషి వాకిట్లోకి వచ్చింది. కోదాడ పిల్ల, మాట కొంచెం ఆంధ్రా వైపు మొగ్గుతుంది.

"రండి మామయ్యా. పొద్దుట్నించీ గుమ్మం వంకే చూస్తోంది. ఎవరో వస్తారన్నట్టు."

"నేనే. నాకోసమే" అన్నాడు పర్వతాలు. ఫోను సునీల్ చేతిలో పెట్టి, "వీడియో తియ్యి. నా పేరు పిలుస్తది. అది రావాలె, గుర్తుపెట్టుకో" అని, గుమ్మం బయటే చాట దించి తవుడు పోశాడు. తువ్వాలును తల మీదుగా కొంగులా కప్పుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అతనిది అవ్వ ముఖమే. వయసు మళ్లాక మరీను.

లోపల నవారు మంచం మీద గౌరీబాయి. పచ్చబొట్ల చేతులు దుప్పటి మీద, ఎముకలంత సన్నగా. కళ్లు మాత్రం గుమ్మం మీదే.

పర్వతాలు నడుం వంచి, అవ్వ నడిచినట్టే నడిచి, చాటను మంచం మీద ఆమె ముందు పెట్టాడు. గొంతు సన్నగా చేశాడు.

"గౌరీ, గిదో నీ తవుడు. నా కొడుకును నాకియ్యి."

గౌరీబాయి తవుడును చూసింది. తర్వాత అతని ముఖం చూసింది. ఆమె చెయ్యి మెల్లగా లేచి చాటలోకి పోయింది. లోపలికి, అడుగు దాకా. వేళ్లు అక్కడ తడుముతున్నాయి. పర్వతాలు నవ్వు కోసం కాచుకుని కూర్చున్నాడు. సునీల్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"మంచి తవుడే తెచ్చినవ్, ఆండాలూ" అంది గౌరీబాయి. ఆమె గొంతు చాలా స్పష్టంగా ఉంది. తర్వాత చెయ్యి బయటికి తీసింది. "నువ్వొస్తవనే భయంతోటి సూస్తున్న. పోరన్ని ఏడికెల్లి తేవాలె? పోరడు లేడు గదనే."

పర్వతాలుకు మొదట అర్థం కాలేదు. "లేడా? ఏడికి పోయిండు?" అన్నాడు, ఇంకా అవ్వ గొంతుతోనే.

"పోయిండు. తవుడు గాడు పోయిండు. పాలన్నీ కక్కిండు, పానం సల్లగయ్యింది. నా ఒళ్లెనే. నువ్వు కల్లం మీదున్నవ్. నేను గేటు కాడికి ఉరికొచ్చిన. కావలోడు కూత కాలేదన్నడు. కూతయ్యేదాంక గేటు తియ్యనన్నడు. నేను బయట కూసున్న, పోరన్ని పట్టుకొని. కూతయ్యేదాంక. నీకెట్ల శెప్పాలె? నమ్మి నా ఒళ్లె ఏసినవ్. ఏ మొకం పెట్టుకొని శెప్పాలె?"

చాటలోంచి తీసిన ఆమె చెయ్యి తవుడుతో తెల్లగా, గాలిలోనే ఉండిపోయింది. ఫోను పట్టుకున్న సునీల్ చెయ్యి దిగిపోయింది.

పర్వతాలు చటుక్కున తువ్వాలు తీసేశాడు. "యాడీ, ఇటు సూడు. నేనే. తవుడును. సావలేదు నేను. గిదో, బతికే ఉన్న."

గౌరీబాయి అతని బట్టతలను, పండిన మీసాన్ని చూసింది. వెనక్కి జరిగింది.

"ఎవలయ్యా నువ్వు?"

"తవుడునే. పెండ్లినాడు ఊక పోసిన. అవ్వ నన్ను చాటతో తరిమింది. యాదిలేదా? బేరం రద్దు అన్నవ్ గద!"

"సచ్చిన పసిపోరని పేరు పెట్టుకొని ఆటలాడుతున్నవా?" ఆమె గొంతులో కోపం లేచింది. "ముసలోనివి, సిగ్గు లేదా? ఆండాలు ఇంటే ఎట్లుంటది?"

ఏం చేయాలో తోచనప్పుడు పర్వతాలు ఎప్పుడూ చేసే పని ఒకటే, వేషం మార్చడం. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని మిల్లు కూత వేశాడు. డెబ్బై ఏళ్ల ఊపిరితో వేసినా అచ్చం అదే కూత. ఆ కూతకు ఆమె నవ్వాలి, మేనేజరు గుర్తుకు రావాలి, ఊకలో ముక్కు గుర్తుకు రావాలి. గౌరీబాయి దుప్పటి విసిరేసి లేవబోయింది. "కూతయ్యింది! గేటు తీసిండ్రు! ఆండాలు వస్తున్నది!" అంటూ మంచం కోడు పట్టుకుంది. కాళ్లు నిలవలేదు. సంతోషి పరుగున వచ్చి పట్టుకుంది.

"మామా, ఇగ సాలు" అన్నాడు సునీల్. "దండం పెడ్త, సాలు."

పర్వతాలు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఊకదిబ్బ పక్కన చిన్న చిన్న మట్టికుప్పలు ఉండేవి. అవి దాటే ఆట ఆడేవాళ్లు పిల్లలు. పెద్దవాళ్లు చూస్తే కొట్టేవాళ్లు, ఎందుకో చెప్పేవాళ్లు కాదు. వాటి కింద పసివాళ్లున్నారని ఇప్పుడు తట్టింది. గౌరీబాయి కొన్నది తనొక్కడినే అని అతను ఇన్నేళ్లూ అనుకున్నాడు. పిల్లలు నిలిచిన ఇల్లు ఆ వాడలో ఎన్నని? ఎంతమంది తల్లులు ఆమె ఒళ్లో వేశారో. వాళ్లెవరూ పేరు పెట్టేదాకా బతకలేదు. బతికినందుకు అతనికి ఒక పేరు మిగిలింది. పోయినవాళ్లందరికీ కలిపి ముసలామె మతి ఇప్పుడు ఆ ఒక్క పేరే పెట్టింది. ఆ లెక్కన అతను కూడా పోయినట్టే. కాదని చెప్పడానికి సరోజ లేదు, అవ్వ లేదు. ఉన్న ఒక్క సాక్షీ ఏడుస్తోంది, అతను చచ్చిపోయాడని.

సంతోషి ఎంత చెప్పినా ఆమె ఊరుకోలేదు. "ఆండాలేది? ఇప్పుడే ఉండె. ఆండాలును పిలువు, శెప్పుకుంట" అని దర్వాజ వైపు చేతులు చాస్తోంది.

పర్వతాలు తువ్వాలు మళ్లీ తల మీద కప్పుకున్నాడు. ఈసారి గొంతు మార్చాల్సిన పని పడలేదు. అదే సన్నబడిపోయింది.

"ఈడనే ఉన్న గౌరీ."

"ఇన్నవా?"

"ఇన్న. నీ తప్పేం లేదు. వానికి అంతే రాసుండె."

"నమ్మి ఇచ్చినవ్ గదనే."

"ఇచ్చిన. మంచిగనే సాకినవ్. సల్లగయినోన్ని గూడ కూతయ్యేదాంక దించలే."

ఆమె అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తవుడు అతనికీ అంటింది. "నవ్వుతుండె, ఆండాలూ. నా మొకం జూసి నవ్వుతుండె."

"అవును. మస్తు నవ్వుతుండె" అన్నాడు పర్వతాలు. "బతికితే అందర్ని నవ్వించెటోడు అయితుండె."

ఇద్దరూ ఏడ్చారు. ఆమె పోయిన పసివాడి కోసం ఏడ్చింది. అతను ఎవరి కోసమో అతనికే తెలియదు. చావు ఇళ్లలో కూడా ఎన్నో వేషాలేసి మనుషులను నవ్వించినవాడు, తన చావుకు తానే తల్లి వేషం కట్టి కూర్చున్నాడు.

కాసేపటికి గౌరీబాయి చాటను రెండు చేతులా అతని వైపు తోసింది.

"తీస్కపో. పోరన్ని ఇయ్యకుండ తవుడెట్ల తీసుకుంట? తీస్కపో ఆండాలూ. ఇగ నాకెవలి పిల్లల్ని ఇయ్యకుండ్రి."

అతను చాట ఎత్తుకున్నాడు. ఆమె కళ్లు మూసుకుంది. సంతోషి రెండు చెంచాల గంజి పెదవుల దగ్గర పెడితే మింగింది. "చానా రోజులకు మింగింది మామయ్యా" అంది సంతోషి మెల్లగా. సునీల్ ముఖం తేటపడింది. బయట చాయ్ ఇచ్చారు. పర్వతాలు తవుడును మళ్లీ సంచిలోకి ఒంపాడు. ఇంతయినా పని జరిగిందేమో, ఆమె మనసు మీది బరువు దిగిందేమో అనుకున్నాడు. చెప్పుల్లో కాలు పెడుతుండగా లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఓ పిల్లా. జర దర్వాజ దిక్కు సూడు. ఆండాలు వస్తదేమో. తవుడు తెస్తది. నేను ఇంట్ల లేనని శెప్పు."

సంతోషి గుమ్మంలోకి వచ్చి అతన్ని చూసి తల దించుకుంది. "మళ్లీ మొదలుపెట్టింది" అంది.

"లేదనే చెప్పు బిడ్డా" అన్నాడు పర్వతాలు.

సూర్యాపేట బస్సులో పొద్దటి కండక్టరమ్మే ఉంది. చంకలో చాట, ఒళ్లో సంచి చూసి దూరం నుంచే నవ్వింది. "ఏంది తాతా, సరుకు వాపసొచ్చిందా? మీ యాడి కొనలేదా?"

చుట్టూ ఒకరిద్దరు తలలు తిప్పారు. ముసలాయన ఏదో ఒకటి అంటాడని వాళ్లు ఎదురుచూశారు. పర్వతాలు జేబులోంచి డబ్బులు తీశాడు.

"సూర్యాపేట ఒకటియ్యమ్మా" అన్నాడు.

ఆ పిల్ల నవ్వు ఆపి టికెట్ ఇచ్చింది. మునగాల దాటాక ఫోన్ మోగింది. అశ్విని.

"తాతా, పోయినవా? గుర్తువట్టిందా?"

హైవే మీద లారీల హోరు. అతను ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు.

"ఆ."

"తవుడు అన్నదా?"

"అన్నది. తవుడు అనే అన్నది."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు బిడ్డా."

"మరి వీడియో ఏది?"

సునీల్ ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు, "అది తీసేసిన మామా, ఇంట్ల అందరు సూస్తే బాగుండదు" అన్నాడు. పర్వతాలు కిటికీలోంచి చూశాడు. వరి కోసిన పొలాల మీద ఎండ వాలుతోంది.

"లేదు" అన్నాడు.

అటు నుంచి పెద్ద నవ్వు. "నాకు ముందే ఎరుక తాతా! వీడియో ఉండదని అమ్మతోటి గూడ చెప్పిన. మంచిగ చెప్తవ్ గనీ... సరే, ఇంకోటి చెప్పు."

పర్వతాలు ఒళ్లో సంచిని సర్దుకున్నాడు.

"ఇంకోటి లేదు బిడ్డా" అన్నాడు.